లాటిన్ తెర, లారీ ముడి

ఆ రోజుల్లో తెలుగు మాట చెవిన పడితే నాకది మాటే. ఇంగ్లీషు మాట చెవిన పడితే మాత్రం అది ఉల్లిపాయ. పైపొర తీసి, లోపలి పొర తీసి, అడుగున లాటిన్ మొలక కనపడేదాకా అన్నం సయించేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, చంకలో అట్ట ఊడిన నిఘంటువు, ముఖాన ఎవరూ అడగకపోయినా చెప్పాలన్న ఆత్రం. ఇలాంటి మనిషి ఎదురైతే ఇప్పుడు నేనే రోడ్డు దాటి అవతలి పక్కకు పోతాను. అప్పట్లో రొంపిచెర్ల దగ్గర మా హైస్కూలున్న ఊళ్లో జనం కూడా సరిగ్గా అదే పని చేసేవారు. పిల్లలు నాకు ‘లాటిన్ పంతులు’ అని పేరు పెట్టారు. అది గౌరవమేననుకుని మొదటి ఆరు నెలలూ నేను లోలోపల పొంగిపోయాను.

ఈ జబ్బు అంటించింది మా గురజాల వైపు ఒక ఫాదరుగారు. ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు తప్పుతానేమోనని భయపడి సాయంత్రాలు ఆయన దగ్గరికి చదువుకోవడానికి వెళ్లేవాణ్ణి. ఆయన ఇంగ్లీషు పాఠంతో మొదలుపెట్టి, పావుగంటలో లాటిన్‌లోకి జారుకునేవారు. ఒకరోజు ‘రివీల్’ అనే మాట వచ్చింది. వెల్లడించడం, బయటపెట్టడం అని అర్థం రాసుకుని ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు. లేచి కిటికీకున్న పాత తెర పట్టుకుని, “దీన్ని లాటిన్‌లో వేలుమ్ అంటారు. కప్పే గుడ్డ. ఇప్పుడు చూడు” అని ఒక్క లాగు లాగారు. గదినిండా ఎండ పడింది, తెరలో కాపురమున్న బల్లి నా పుస్తకం మీద పడింది. “ఇదే రెవేలారే. తెరను వెనక్కి తీయడం. వెల్లడించడమంటే ఇంతే బాబూ, ఉన్నదాని మీద గుడ్డ తీయడం, లేనిదాన్ని తేవడం కాదు” అన్నారు. బల్లి సంగతి మరిచిపోయాను గానీ ఆ మాట మరవలేదు. ఆ సాయంత్రం నుంచి నాకు ఇంగ్లీషు మాటలన్నీ తెరలు కప్పుకుని కూర్చున్నట్టే కనపడసాగాయి.

ఇక అసలు కథ. మా స్కూలుకు స్థలమిచ్చింది కరెస్పాండెంటుగారి తండ్రి. స్కూలు కట్టకముందే పోయాడాయన. పన్నెండేళ్ల తర్వాత, ఎనభైల నడుమ ఒక జూన్‌లో, బడి తెరిచేరోజున ఆవరణలో ఆయన విగ్రహం పెట్టాలని కొడుకు సంకల్పించాడు. నిలువు విగ్రహం కాదు, ఛాతీ వరకు ఉండేది, నాపరాయి దిమ్మె మీద. మాచర్ల వైపు శిల్పి చెక్కిపెట్టాడు. చిక్కల్లా పోలికతోనే వచ్చింది. ఆ పెద్దాయన బతికినంతకాలం ఫోటో దిగింది ఒక్కసారే, అదీ బండలాగుడు పందెంలో ఆయన జత గెలిచినప్పుడు. ఫోటోలో ఎద్దులు మాత్రం చక్కగా పడ్డాయి. వాటి కొమ్ముల వెనకాల తలపాగా, తలపాగా కింద మినపగింజంత ముఖం. దాన్ని భూతద్దంలో చూసి చెక్కాడు పాపం శిల్పి.

పెద్దాయన భార్యను ఊరంతా పెద్దమ్మగారు అనేది. మనిషి పిడికెడు, మాట పిడుగు. రాయి వచ్చిన రోజునే ఆవిడ స్పష్టంగా చెప్పేసింది. “ముందుగా నాకు చూపియ్యబాకండి. అందరి ముందు గుడ్డ తీసినప్పుడే చూస్తా. పోలిక ఉందా, సరే. లేదా, ఆ రాయిని తీసకపోయి గొడ్లచావిట్లో పాతుకోండి. వేరే మగోడికి దండ వేసి దణ్ణం పెట్టమంటే నా వల్ల గాదు.” అలా అని, తనే ట్రంకుపెట్టె తెరిచి విగ్రహానికి కప్పే గుడ్డ కూడా ఇచ్చింది. మీగడ రంగుకు తిరిగిన పాత తెల్ల పంచె, ఒక అంచున ఎప్పటిదో పసుపు మరక. పట్టుశాలువా తెస్తానమ్మా అని కొడుకంటే, “ఇదే కప్పు. దీనికి చిన్న చిరుగు పడినా నేనూరుకోను” అంది. ఎందుకని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు (ఆ ఊళ్లో కూడా లేదు).

నా ఉద్యోగం అప్పటికి తాత్కాలికం. ఎవరో సెలవు పెడితే వచ్చినవాణ్ణి, ఆయన తిరిగొస్తే పోవాల్సినవాణ్ణి. ఆయన రానని రాసేశాడు గనుక ఆ కుర్చీ నాకిస్తారా లేదా అన్నది కరెస్పాండెంటుగారి చేతిలో ఉంది. ఆయన నన్ను పిలిచి, “మాస్టారూ, సభ ఏర్పాటు మొత్తం నీదే. సక్రమంగా జరగాల, మా అమ్మ నోట మంచిమాట రావాల. వచ్చిందా, ఆ సాయంత్రమే నీ ఆర్డరు మీద సంతకం పెడతా. రాలేదా, నీ పెట్టె నువ్వు సర్దుకోవచ్చు” అన్నాడు. నేను తల ఊపి, పరిచయ వాక్యాలు రాసుకొచ్చాను. ఏడు పేజీలు. అందులో రెండు పేజీలు పెద్దాయన మీద, ఐదు పేజీలు రెవేలారే మీద. విగ్రహానికి తెర తీసే సభలో ఆ మాట చెప్పకపోతే ఇక జన్మలో ఎప్పుడు చెబుతానని నా బాధ. కరెస్పాండెంటుగారు చదివి, ఎర్ర పెన్సిల్‌తో ఐదు పేజీల మీద నిలువునా గీత గీసి, “మా నాయన ఏ ఊరోడయ్యా? పల్నాడోడా, రోము నగరపోడా?” అన్నాడు. పక్కనే ఉన్న మా తెలుగు మాస్టారు మీసంలో నవ్వుకున్నారు. ఆ ఐదు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. పారెయ్యడానికి మనసొప్పలేదు.

ముందురోజు మధ్యాహ్నం రిహార్సల్ పెట్టాం. పంచె కప్పి, పూలదండలకు వాడే దారంతో జారుముడి వేసి, దానికి ఎర్ర రిబ్బను తగిలించాను. అతిథి రిబ్బను లాగితే ముడి జారుతుంది, గుడ్డ కింద పడుతుంది. కాగితం మీద దివ్యంగా ఉంది. జూన్ నెలలో కోటప్పకొండ వైపుగా కొట్టే పడమటి గాలిని మాత్రం కాగితం మీద వేసుకోలేదు. అతిథి లాగాల్సిన అవసరం లేకుండా గాలే లాగేసింది. పంచె లేచి, గాలిపటంలా రెండు చుట్లు తిరిగి, కంపచెట్టు అంచుదాకా పోయి ఆగింది. సరిగ్గా అదే సమయానికి పెద్దమ్మగారు పనిమనిషి చెయ్యి పట్టుకుని గేటులోకి వస్తోంది. నాకేమీ తోచక చొక్కా విప్పి విగ్రహం ముఖానికి చుట్టి, దాన్ని కావలించుకుని నిలబడ్డాను. ఆవిడ దూరంనుంచే చూసి, “ఎవరా అబ్బాయి, బనీనుతో మా ఆయన్ని పట్టుకుని ఏడుస్తన్నాడు?” అని అడిగిందట. తెలుగు మాస్టారు, “ఇంగ్లీషు మాస్టారండీ, భక్తి ఎక్కువ” అని సర్దిచెప్పారు. పంచెకు చిరుగు పడలేదు, అదొక్కటే అదృష్టం.

ఇక్కడ మా మేనమామ సంగతి చెప్పాలి. ఆయన లారీ డ్రైవరు. నాపరాళ్లు, మిరప బస్తాలు, ఏది దొరికితే అది వేసుకుని తిరిగేవాడు. నన్ను చదివించింది ఆయన స్టీరింగే. అయినా స్కూల్లో ఎవరైనా అడిగితే “మా మామయ్య ట్రాన్స్‌పోర్టు లైన్లో ఉన్నారు” అనేవాణ్ణి, ఆయనకు నాలుగు ఆఫీసులున్నట్టు. లాటిన్ పంతులుకు లారీ మామ ఉండటం నాకు చిన్నతనంగా తోచేది. (ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం సిగ్గు వేరే దిక్కున ఉండేది.) ఆ రోజు సాయంత్రం ఆయన లారీ మా స్కూలు ముందు టీ కొట్టు దగ్గర ఆగింది. వెళ్లి నా గోడు చెప్పాను. “ఓస్ ఇంతేనా” అని సీటుకిందనుంచి పట్టా కట్టే తాడు తీసుకుని వచ్చాడు.

“మామయ్యా, జారుముడి వెయ్యాలి. లాగితే ఊడాలి” అన్నాను. ఆయన నా ముఖంలోకి జాలిగా చూశాడు. “ఒరేయ్ అల్లుడూ, జారుముడి వేసినోడు డ్రైవరు కాదురా. ఘాట్ రోడ్డులో లోడు జారితే ఏంది గతి? నేను కడితే ఈ రాయి ఎగిరిపోవాల్సిందే గానీ గుడ్డ ఎగరదు.” పంచె మీదుగా రెండు చుట్లు తిప్పి, దిమ్మె వెనకాల తాడు బిగించి, కాలు ఆనించి మరీ లాగి ముడి వేశాడు. నా రిబ్బను కొస ఆ ముడికే కట్టి ముందుకు తెచ్చిపెట్టాడు. గాలి వచ్చింది, గుడ్డ కదల్లేదు. నేను ఆనందంతో ఆయనకు టీ ఇప్పించాను. పొద్దున ఆ ముడి ఎలా ఊడుతుందన్న ప్రశ్న నాకూ రాలేదు, ఆయనకు అసలే రాదు. కట్టడం ఆయన వృత్తి, విప్పుకోవడం సరుకు దించుకునేవాళ్ల తలనొప్పి. తెల్లారకముందే లోడుతో వెళ్లిపోయాడు.

మర్నాడు షామియానా కింద ఊరంతా ఉంది. ముఖ్య అతిథి నరసరావుపేట నుంచి వచ్చిన రిటైరైన జడ్జిగారు. ముందు వరసలో పెద్దమ్మగారు, ఒళ్లో చేతులు పెట్టుకుని, కళ్లు ఆ గుడ్డ మీదే పెట్టుకుని కూర్చుంది. నా రెండు పేజీలూ చదివేశాను. జడ్జిగారు వచ్చి రిబ్బను పట్టుకున్నారు. మేళం అందుకుంది. ఆయన లాగారు. ఏమీ కాలేదు. మళ్లీ లాగారు. వెనకాల ముడి ఇంకాస్త బిగిసిన చప్పుడు నాకు వినపడింది. మూడోసారి లాగితే రిబ్బను తెగి ఆయన చేతిలోకొచ్చింది. జడ్జిగారు దాన్ని సాక్ష్యాధారం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, “వాయిదా వేద్దామా?” అన్నారు.

కరెస్పాండెంటుగారు కొడవలి తెమ్మని ఎవరినో కేక వేశాడు. “కత్తి తగిలిందా, నేను లేచిపోతా” అంది పెద్దమ్మగారు కూర్చున్నచోటునుంచే. కొడవలి వచ్చిన దారినే వెళ్లిపోయింది. డ్రిల్లు మాస్టారు ముడి మీద పడ్డారు. ఆయన కండ పుష్టి చూసి ముడి ఇంకా మొండికేసింది. మేళగాళ్లు ఊది ఊది అలిసిపోయి ఆపేశారు. కరెస్పాండెంటుగారు నా చెవి దగ్గరికొచ్చి, “ఏదో ఒకటి మాట్లాడవయ్యా, జనం లేచిపోతన్నారు” అన్నాడు పళ్లమధ్య నుంచి. “ఏం మాట్లాడమంటారు?” “ఏదైనా. నీ లాటినో, నీ శ్రాద్ధమో.”

అయ్యా, అంతటి ప్రమాదంలో కూడా నా గుండె సంతోషంతో ఎగిరిందని చెబితే నమ్ముతారా? ఎర్ర గీతలు పడ్డ ఐదు పేజీలు జేబులోంచి బయటకొచ్చాయి. మైకు పట్టుకుని మొదలుపెట్టాను. రోము నగరంలో తెరను వేలుమ్ అనేవారని, కప్పడం వేలారే అయితే కప్పింది తీయడం రెవేలారే అని, అందులో ‘రె’ అంటే వెనక్కి అని చెప్పాను. ముందు వరసలో ఒక ముసలాయన చెయ్యెత్తి, “తెరంటే నాటకాల తెరేనా అబ్బాయా?” అని అడిగాడు. పాఠం చెప్పే రెండేళ్లలో నన్ను ఎవరైనా ప్రశ్న అడగడం అదే మొదలు. “అదే బాబాయ్. ఇంటి తెరా అదే, ఓడకు కట్టే తెరచాపా అదే, ఆట చూసేవాళ్లకు ఎండ తగలకుండా పైన కట్టే గుడ్డా అదే” అన్నాను. “అంటే మన షామియానా” అన్నాడాయన, పక్కవాళ్లకు విప్పి చెబుతూ. జనం పైకి చూసి తలలూపారు. నాకు రెక్కలొచ్చాయి. దేవుడు మనిషికి తెలియజేసిన రహస్యాన్ని చెప్పడానికి క్రైస్తవ మతంవాళ్లు ఈ తెర మాటనే తీసుకున్నారని, తర్వాత అది ఫ్రెంచివాళ్ల నోట్లో నలిగి, ఇంగ్లీషువాళ్ల ఇంటికొచ్చేసరికి రివీల్ అయి కూర్చుందని, పెళ్లికూతురి మేలిముసుగుకు వాళ్లు చెప్పే ‘వీల్’ అనే మాట కూడా దానికి తోబుట్టువేనని చెప్పాను. మన ఆవిష్కరణ అనే మాటలో బయటపడటం ఉంది గానీ తెర లేదు, వాళ్ల మాటలో గుడ్డే ఉంది అని కూడా అన్నాను. తెలుగు మాస్టారు అంతటివారు కూడా అవునన్నట్టు చూశారు.

వెనకనుంచి ఎవరో, “తెరచాప సంగతి నిన్ననే చూశాంగా, కంపచెట్టు దాకా పోయింది” అన్నారు. సభంతా నవ్వింది. కరెస్పాండెంటుగారి ముఖం మాడింది. జడ్జిగారికి పాత అలవాటు తిరిగొచ్చినట్టుంది, నన్ను నిలదీసి, “ఈ ముడి వేసిందెవరు?” అన్నారు. మైకు నా చేతిలోనే ఉంది. ఒక్క క్షణం ‘ట్రాన్స్‌పోర్టు లైన్లో ఉన్న ఒకరు’ అనబోయాను. కానీ అప్పటిదాకా పావుగంట తెర తీయడం గురించి చెప్పినవాణ్ణి, నా మామ మీద నేనే తెర కప్పడమేమిటి? “మా మామయ్యండీ. లారీ డ్రైవరు. గాలికి ఊడకుండా నేనే కట్టమన్నాను” అన్నాను. ఉద్యోగం పోయిందని అర్థమైపోయింది. పెట్టెలో ఏమేం సర్దుకోవాలో కూడా మనసులో లెక్కకొచ్చింది, పెద్దగా ఏమీ లేవు.

అప్పుడు పెద్దమ్మగారు లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి దిమ్మె వెనక్కి వెళ్లింది. డ్రిల్లు మాస్టారిని పక్కకు జరగమని, “లారీ ముడా? మా బండి మీద పత్తి మూటలకు మీ తాతలు కట్టింది ఇదే. లాగేకొద్దీ బిగుసుద్ది. లాగబాకండి” అంది. ముడి మీద బొటనవేలు ఆనించి, తాడును వచ్చిన దారినే వెనక్కి నెట్టింది. ఒకసారి, రెండుసార్లు. ముడి పెదవి తెరిచింది. తాడు జారి కాళ్లదగ్గర పడింది. ఐదు పేజీల నిండా ‘వెనక్కి, వెనక్కి’ అని రాసుకున్న నాకు, ఆ పక్కనే నిలబడి కూడా వెనక్కి నెట్టాలని తట్టలేదు.

తాడు పోయాక గుడ్డను గాలి ఎత్తబోయింది. ఆవిడ ఒక అంచు పట్టుకుని, “ఒరేయ్, నువ్వా కొస పట్టుకో. అబ్బాయా, నువ్వీ కొస” అని కొడుక్కి, నాకూ అప్పగించింది. మేమిద్దరం విగ్రహానికి చెరో పక్కన గుడ్డ చాచి పట్టుకున్నాం. ఆవిడ చుట్టూ తిరిగొచ్చి మా గుడ్డకు ఇవతల, ముఖానికి ఎదురుగా నిలబడింది. “కొంచెం పైకెత్తండి. అడ్డుతెర పట్టడం గూడ రాదు మీకు” అంది. అప్పుడు తెలిసింది మాకు. ఆ పంచె వాళ్ల పెళ్లిలో ఇద్దరి మధ్యా పట్టిన తెర. అంచున ఉన్న పసుపు ఆనాటిది. కొడుకు తన కొసను ఇంకాస్త పైకెత్తాడు. నేనూ ఎత్తాను.

“ఇప్పుడు దించండి” అంది.

దించాం. ఆవిడ చూసింది. కరెస్పాండెంటుగారు రాయిని కాదు, తల్లి ముఖాన్ని చూస్తున్నాడు. నేనూ అంతే. ఆవిడ కొంగు తీసి విగ్రహం బుగ్గమీద ధూళి తుడిచింది.

“ఆ రోజు గూడ ఇట్టాగే. తెర తియ్యరు, పంతులు మంత్రం ఆపడు. అప్పటిదాకా ఆయన ముఖం నేను చూళ్లేదు” అంది, మాతో కాదు, ఆ రాయితో అన్నట్టు. తర్వాత కాస్త వెనక్కి జరిగి తల వంచి చూసింది. “ముక్కు పొడుగు పెట్టాడు శిల్పి. పర్లేదు. ఆ రోజు తెర తీసినప్పుడు గూడ నాకు ముక్కే పొడుగనిపించింది. తర్వాత అలవాటైపోయింది.”

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆవిడే అయ్యుండాలి. ఆవిడ నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, కొడుకు మాత్రం నవ్వకుండా ఏడుస్తున్నాడు. మేళగాళ్లకు ఎవరూ చెప్పకుండానే ఊపు వచ్చింది. దండ వేసి, దణ్ణం పెట్టి, తిరిగి కూర్చోబోతూ ఆవిడ నావైపు చూసింది. “ఈ అబ్బాయి తెర గురించి ఏందో చెప్తన్నాడు, మధ్యలో ఆపేశాడు. పూర్తి చెప్పనియ్యండి. లారీ వాళ్ల పిల్లోడంట, మాట మంచిగా ఉంది. ముడి మాత్రం మామ దగ్గర సరిగా నేర్చుకోలేదు.” మంచిమాట వచ్చేసింది. కరెస్పాండెంటుగారు ఆ సాయంత్రమే సంతకం పెట్టాడు. నా లాటిన్ మిగతా రెండున్నర పేజీలు పులిహోర వాసన వస్తున్న సభలో చదివాను. ఎవరూ వినలేదు, నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

వారం తర్వాత మామయ్య వచ్చాడు. స్టాఫ్ రూములోకే తీసుకెళ్లి, “మా మామయ్య, లారీ డ్రైవరు” అని అందరికీ పరిచయం చేశాను. ఆయన జరిగిందంతా విని, “చూశావా, ఊడిందా?” అని గర్వంగా అడిగాడు. ఊడలేదు మామయ్యా, పెద్దమ్మగారు విప్పారు అంటే, “అదే, విప్పాల. ఊడగూడదు” అన్నాడు. అందులో ఉన్నంత శాస్త్రం నా ఐదు పేజీల్లో లేదు.

రిటైరై ఇన్నేళ్లయింది. పెద్దమ్మగారూ లేదు, మామయ్యా లేడు. మొన్న ఆ దారిన బస్సులో పోతూ దిగి చూశాను. ప్రతి పంద్రాగస్టుకూ పిల్లలు పెద్దాయనకు వెండిరంగు పూస్తున్నారు. పూత మీద పూతపడి ముక్కు ఇంకా పొడుగైంది. ఎదుట నిలబడి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ బనీను వేసుకున్న కుర్రవాణ్ణి, జేబులో ఐదు పేజీలతో ఊరికి తెర తీద్దామని వచ్చినవాణ్ణి, ఒకసారి చూడాలనిపించింది. కనిపిస్తే లాటిన్ సంగతి ఏమీ చెప్పను. “అబ్బాయా, లాగబాకు” అని మాత్రం చెబుతాను.